కొసరు

శనివారం రాత్రి పదకొండు.
జాలారిపేట చివర మా గుడి రేకుల్ని
సముద్రపు గాలి చేత్తో తడుముతోంది.
రేపటి ప్రసంగం కాగితం ఇంకా తెల్లగానే ఉంది.

రెండు వారాల కిందట తీర్పు చెప్పాను.
గొంతు చిరిగేలా చెప్పాను.
అగ్ని గురించి చెబుతుంటే నాకే చెమట పట్టింది.
వెనక వరసలో కెజియా కుప్పకూలింది.
అచ్యుతాపురం బట్టల కంపెనీలో ఓటీ చేస్తున్న రాత్రి
కేజీహెచ్ వార్డులో తల్లిని పోగొట్టుకున్న పిల్ల.
ఏడాదిగా ఆ ఒక్క రాత్రినే తిని బతుకుతోంది.
నా మాట వెళ్ళి వెళ్ళి ఆ పుండు మీదే వాలింది.
ముందు వరసలో సమూయేలు గారు మాత్రం
ప్రతి మాటకీ ఆమేన్ అన్నారు,
పక్కింటివాడికొచ్చిన ఉత్తరం
ఎవరో గట్టిగా చదువుతుంటే తలూపినట్టు.

పోయిన ఆదివారం కృప చెప్పాను.
సమూయేలు గారి కళ్ళు చెమర్చాయి.
కానుకల వేళ లేచి, కొత్త మైకుసెట్టు తనదేనన్నారు.
మూడో నంబరు ప్రమాద సూచిక ఎగిరిన రోజు
ఇంజను బాగుచెయ్యని బోటును వేటకి తోలింది ఆయనే.
తిరిగిరాని కుర్రాడి తల్లి చేత
తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నదీ ఆయనే.
ఆ తల్లి, నూకరత్నం,
ఆఖరి కీర్తనకి ముందే
చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది.

సోమవారం తెల్లారి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను.
ఐసు దంచుతున్న చప్పుడు, వేలంపాట కేకలు.
డాల్ఫిన్ నోస్ కొండ మీదికి ఎండ ఇంకా ఎక్కలేదు.
నూకరత్నం తక్కెడ ఎత్తి కవళ్ళు తూస్తోంది.
నన్ను చూసి మొహం తిప్పుకోలేదు,
అందుకే భయమేసింది.

"ఏటయ్యగోరూ, నిన్న కొసరు బాగానే ఏసినారు.
తూకం ఎప్పుడేస్తారు?"

నేను సంచి మడతలు సరిచేసుకుంటున్నాను.

"ముందు రాయి. తరవాత సేప. ముల్లు నిలబడ్డాక కొసరు.
తూకమే నేకుండా ఏసీసింది కొసరేటి, దొంగబేరం.
ఆ కెజియా గుంటంటారా,
తన్ను తాను తూసుకుని తూసుకునే అరిగిపోనాది.
దాని మీద ఇంకా రాళ్ళేస్తారేటి?"

తక్కెడ కింద ఎవరి వేలుందో ఆమె అడగలేదు.
హుద్‌హుద్‌కి ఎగిరిపోయిన గుడి పైకప్పు
ఎవరి డబ్బుతో తిరిగొచ్చిందో పేటంతా తెలుసు.
అప్పట్నుంచీ
తీర్పు చెప్పినా కృప చెప్పినా
నా గొంతు ఆ రేకులకి తగిలే వెనక్కొచ్చేది.

అరకేజీ తూచింది. వెంట్రుకవాసి తేడా లేదు.
డబ్బులు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది.
తరవాత, నా వైపు చూడకుండానే,
గుప్పెడు నెత్తళ్ళు సంచిలో పడేసింది.

ఇవాళ సాయంత్రం సమూయేలు గారింటికి వెళ్ళాను.
మైకు వద్దన్నాను. ఆ వేలిముద్ర కాగితం అడిగాను.
ఆయన రేకుల సంగతి ఎత్తారు.
నా ముందు కాఫీ మీగడ కట్టింది.
లేస్తూ, రేపు గుడికి రండి, అన్నాను.
ఆ మాట అనడం అన్నిటికన్నా కష్టమైంది.
వస్తారో రారో.

దారిలో కెజియా కనబడితే వాక్యమేమీ చెప్పలేదు.
ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ చిరిగింది,
కొత్తది కుట్టిపెట్టమ్మా, అన్నాను.
చాలాసేపు నేల చూసింది.
"కొలతెంతండీ?" అంది.

గాలి పెరిగింది.
పైన ఎక్కడో మేకు వదులై
రేకు ఒకటి లేస్తోంది, పడుతోంది.
దీపం దగ్గరికి జరుపుకుని
కాగితం మీద, అందరికంటే ముందు,
నా పేరు రాశాను.