తీసివేత

మూడో ఛాంబరు తలుపు తెరిచినప్పుడల్లా
చలి ముందొస్తుంది, ఘాటు వెనకాల.
గుంటూరు, ఏటుకూరు రోడ్డు, మిర్చి కోల్డ్ స్టోరేజీ.
ఆఫీసు గది మూల కొత్త సర్వరు.
నా చేతిలో స్క్రూడ్రైవరు,
ముక్కు మీద మూడు మడతల చున్నీ.

పాత మిషను విప్పితే
ఫ్యాను రెక్కల మీద ఎర్రటి నూగు.
ఏళ్ళ తరబడి కారం పీల్చి పీల్చి
దాని ఒక్కగానొక్క డిస్కు
పోయిన నెల రెండుసార్లు టక్కుమని ఆగిపోయిందట.

రైతులందరి చీటీలూ తెప్పించారు.
పెదనందిపాడు నాగుల్‌మీరా చీటీ మాత్రం
చొక్కాతో పాటు ఉతుక్కుపోయింది.
తెల్లటి ముద్ద. అంకె లేదు.
గుమస్తా అప్పయ్య హమాలీల కూలి పుస్తకం తీశాడు:
లోపలికి మోసిన టిక్కీలు మొత్తం
పదకొండు వేల ఎనిమిది వందల అరవై.
ఉన్న చీటీలన్నీ కూడితే
పదకొండు వేల ఎనిమిది వందల పద్దెనిమిది.
"మిగిలినయ్యి మీరావి" అన్నాడు, పెన్ను చెవి మీద పెట్టుకుంటూ.

కాలేజీలో నాకీ సంగతే చెప్పారు,
ఇంత తేలిగ్గా కాదు.

ఎనిమిది డిస్కులు.
ఒక్కోదాని నంబరులో చివరి నాలుగంకెలు
ప్లాస్టరు ముక్క మీద రాసి ట్రేకి అంటించాను.
రేపు చచ్చింది ఏదో టార్చి వెలుతురులో కూడా తెలియాలి.
బతికున్నదాన్ని పీకిన పాపం నాకొకటి ఉంది,
బెజవాడలో, ఒక స్కానింగ్ సెంటర్లో.
దాని గురించి మాట్లాడను.

"రెండు చీటీలు తడిస్తేనో?" అడిగాడు అప్పయ్య.
అదీ ప్రశ్న.
రెండు పోతే తీసివేత చాలదు,
మొత్తం తెలిసినా ఎవరివెన్నో తేలదు.
అందుకే రెయిడ్ ఆరు పెడుతున్నా, అన్నాను.
ఇంకో గుమస్తా. మరో పద్ధతిలో రాసే రెండో లెక్క.
ఆయన కాసేపు ఆలోచించి
"జీతం?" అన్నాడు.
"మొత్తం మీద రెండు డిస్కుల చోటు."

ఎనిమిదోది హాట్ స్పేరు.
తిరుగుతూనే ఉంటుంది, ఏమీ మోయదు.
యజమాని పూర్ణచంద్రరావుకి నచ్చలేదు.
"కూర్చోబెట్టి కూలియ్యడమా?"
గుమ్మం దగ్గర బీడీ ఆర్పుతూ మేస్త్రి యోహాను అన్నాడు:
"నడుం పట్టినోడి బస్తా కింద దూరటానికి
ఒకడుండాల గదండీ."
అట్లా దక్కింది ఎనిమిదోది.

తర్వాత గట్లు వేశాను.
బూటుకి చిన్న మడి, ఖాతాలకి ఒకటి,
మిగతాదంతా కెమెరాలకి:
గేటు, కాటా, లారీలు,
రాత్రంతా ఎవరూ నడవని వరండా.
ఏమీ జరగకపోవడానికే ఎక్కువ చోటు పడుతుంది.

సాయంత్రానికి అరవై ఒక్క శాతం.
రాత్రంతా లైట్లు ఆకుపచ్చగా మిణికాయి.
పొద్దున్నే, అందరూ చూస్తుండగా, మూడో ట్రే లాగేశాను.
కీచుమని అలారం. పూర్ణచంద్రరావు కుర్చీలోంచి లేచాడు.
స్క్రీను మీద నాగుల్‌మీరా, నలభై రెండు టిక్కీలు,
చెక్కు చెదరకుండా.
డిస్కు నా చేతిలో ఇంకా వెచ్చగా ఉంది.

"అయితే ఇక ఏదీ పోదుగా?"
పోతుందండీ.
మీవాడెవడో పొరపాటున ఒక పేరు చెరిపితే
అన్నీ కలిసి బుద్ధిగా చెరిపేస్తాయి.
అగ్గి పుడితే ఎనిమిదీ ఒకే బూడిద.
రెండో కాపీ ఇంకోచోట ఉండాలి.
అర్థం కాలేదో, బిల్లు పెరుగుతుందనుకున్నాడో,
ఆయన ఫోనెత్తాడు.

సంచి సర్దుకుంటూ చూశాను.
కూలి పుస్తకం తెచ్చి
కొత్త సర్వరు నెత్తిన పెట్టబోతున్నాడు అప్పయ్య,
చెమ్మ తగలదని.
"అక్కడొద్దు. మీ ఇంటికి పట్టుకెళ్ళండి."
"బ్రాడీపేట దాకానా?"
"ఎంత దూరమైతే అంత మంచిది."
ఆయన నన్నో రకంగా చూసి,
క్యారేజీ సంచిలో పెరుగు గిన్నె పక్కకి జరిపి
పుస్తకాన్ని నిలువుగా దోపాడు.
తుమ్మాడు. నేనూ తుమ్మాను.