పన్నెండో మనిషి

మేనల్లుడి పెళ్ళికి బ్యాండు మాట్లాడే పని
నా మీద పడింది.
కొబ్బరికాయల కొట్లో పద్దులు రాసేదాన్ని,
రూపాయి దగ్గర కళ్ళు మూసుకోనని
ఇంటిల్లిపాదికీ నమ్మకం.

పాలకొల్లులో రైలుగేటు దాటి
సైకిల్ షాపు పక్క ఇరుకు మెట్లెక్కితే
మేకులకి వేలాడుతూ ఎర్ర కోట్లు,
భుజాల మీద బంగారు కుచ్చులు,
చంకల కింద ఎండిన ఉప్పు చారలు.
కరుణాకరం మాస్టారు క్లారినెట్ రీడుని
నాలికతో తడుపుతూ,
నోట్లోంచి తియ్యకుండానే రేటు చెప్పారు.

"పన్నెండు మందండి. పూటకి పద్దెనిమిది వేలు.
మూడు గంటలు దాటితే పైన గంటకింత.
టిఫినూ భోజనం మీదే.
రాత్రి ఊరేగింపయితే లైట్లు మోసేవాళ్ళు వేరేనండి, ఆయ్."

నర్సాపురం రేవులో పంటు ఎక్కిన దగ్గర్నుంచి
సఖినేటిపల్లిలో దిగేదాకా
గోదారి మీద గడిచే టైము
లెక్కలోకి రాదన్నాను.
"ఏట్లో ఉన్నా ఊపిరి మాదే కదమ్మా"
అన్నారు గాని, ఒప్పుకున్నారు.
పదహారున్నర దగ్గర తెగింది.
రెండు వేలు బయానా.
రసీదు మీద ఊదారంగు స్టాంపులో
ఊరి పేరు సగమే పడింది.

పెళ్ళిరోజు పొద్దున్నే రేవుకెళ్ళి
పంటు దిగుతున్నవాళ్ళని
కాయలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాను.
రెండేసి, రెండేసి. పన్నెండు.
సరిపోయింది.

వీధిలో మొదటి పాట అందుకున్నారు.
పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెత్తారు,
డ్రమ్ము దెబ్బకి మా అరుగు మీది
గిన్నెల మూతలు వణికాయి.
పెళ్ళికొడుకు చెమటకి బాసికం జారుతోంది.
నేను మాత్రం
చివరి వరసలో, ఎడంపక్క,
పెద్ద బాకా పట్టుకున్నవాడి బుగ్గ చూస్తున్నాను.
పొంగట్లేదు.
వేళ్ళు పక్కవాడి వేళ్ళ వెనకాలే,
ఒక్క రెప్పపాటు ఆలస్యంగా కదులుతున్నాయి.
ఊదట్లేదు వాడు.

మజ్జిగ తాగేప్పుడు మాస్టార్ని పక్కకి పిలిచాను.
ఆయన బుకాయించలేదు.
"వరదానమండి. ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు కొడతాడు.
చెవికి పదకొండు మంది చాలు,
కంటికి పన్నెండోవాడు కావాలి.
జత తప్పితే వరస కుంటుతుంది కదండి.
కోటుకూలంటాం మేము. నాలుగొందలు.
తొమ్మిదేళ్ళుగా వస్తన్నాడు,
ఒక్క అడుగు తప్పు పడలేదు."

నాలుగొందలు కొట్టెయ్యాలనే
పెన్ను మూత తీశాను.
ఇంతలో లోపల్నుంచి కేక,
హారతి వేళయింది రమ్మని.

ఆడవాళ్ళందరం పీటల చుట్టూ చేరాం.
ఆ మంగళహారతి నాకు రెండు చరణాలే వచ్చు.
మూడోదాన్నుంచి
అక్క పెదాలు చూస్తూ
నా పెదాలు కదిపాను.
ముప్పయ్యేళ్ళుగా అంతే,
ప్రతి పేరంటంలో, ప్రతి ఫోటోలో,
వెలితి కనబడకుండా
ఎవరి పక్కనో ఒకరి పక్కన
పట్టుచీర కట్టుకుని నిలబడటం.
కర్పూరం ఘాటుకి కళ్ళు మండాయి.
కర్పూరమే.

సాయంత్రం బాకీ పద్నాలుగున్నర
పూర్తిగా ఇచ్చాను.
మాస్టారు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు,
తక్కువుందేమోనని కాదు.

పంటు కదిలింది.
కోట్లు విప్పి భుజాన వేసుకున్నారందరూ,
ఎవరో బీడీ వెలిగించారు.
వరదానం ఇంకా కోటు విప్పలేదు.
పంటు నడిఏటికి చేరాక
ఈనబోయే గేదె అరిచినట్టు
ఒకటే పొడుగాటి కూత.
సుతీ లేదు, తాళమూ లేదు.
ఎవరో పగలబడి నవ్వారు, ఎవరూ ఆపలేదు.
ఇంకోసారి.

రేవులో నేను చేతిసంచీ ఎగదోసుకుని
వింటూ నిలబడ్డాను.
గోదారి మీద గడిచే టైము
లెక్కలోకి రాదు.