పెంకుల దిబ్బ

డే అండ్ నైట్ జంక్షన్ వెనక సందులో
కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాను.
ఈ యంత్రం కొన్నది కాదు,
నా చేత్తో చుట్టుకున్నదే.
మిగిలిన రాగి తీగ, పాత రేడియో గుండె,
విరిగిన గొడుగు కర్ర, చెవులకు రెండు డిప్పలు.
రాగి తీగే రాగిని వెతుకుతుంది,
ఇంటిపేరు ఒకటే కదా.

ఆదివారాలు కొందరు పేకాడతారు,
కొందరు వంశధారలో గేలం వేస్తారు.
నేను నేలలోకి వేస్తాను.
చెవిలో 'కూ' మనగానే
పొట్టలో ఏదో జారుతుంది,
చీకట్లో ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టు.
ఆ సుఖం తెలియనివాళ్ళు
నాకు చట్టం చెప్పకండి.

దిబ్బ మీద యంత్రం మొట్టమొదట అరిచింది
సర్కారువారి బోర్డు మీద.
తిత్లీ గాలికి పడిపోయి
మట్టి కప్పుకుని బోర్లా పడుకుంది.
తిరగేశాను.
"ఇచ్చట తవ్వరాదు. తవ్వినచో"
తవ్వినచో ఏమవుతుందో తుప్పు తినేసింది.
నవ్వుకున్నాను.
తవ్వాను.

నాగలి కర్రు, ఎద్దు లాడాలు,
సోడా మూతలు, అయిదు పైసలు,
ఎవరి వేలి నుంచి జారిందో ఒక మట్టె.
ఒక ఆదివారం, వాన ముందర,
చిటికెన గోరంత బిళ్ళ,
పచ్చగా చిలుమెక్కి.
ఒక పక్క ఏనుగో ఎద్దో.
ఇంటికి తెచ్చి చింతపండుతో తోమాను.
మెరిసింది.
ఏనుగు పోయింది.

దాలమ్మ చోడి చేను దిబ్బను ఆనుకునే ఉంటుంది.
చిన్నప్పుడు ఇక్కడి తవ్వకాల్లో
రోజుకి మూడు రూపాయలకు మట్టి మోసిందట.
"ఏటి బాబూ, బావి తీస్తన్నావా?"
"సరదాకి" అన్నాను.
"ఓలమ్మా, సరదాకే?"

ఆ దీర్ఘానికి నాకు ఒళ్ళు మండింది.
వాళ్ళు తవ్వితే చదువు, నేను తవ్వితే దొంగతనమా?
రెండేళ్ళు తాళ్ళు కట్టి, గోతులు తీసి,
గోనెలు నింపుకుని పోయారు.
ఆ గోనెలు ఏ గదిలో చెదలకి మేతయ్యాయో
నువ్వు చూశావా, నేను చూశానా?
నేను తియ్యకపోతే రేపు జేసీబీ తీస్తుంది,
ఈ మట్టి ఇటుకబట్టీకి పోతుంది.
గేలానికి లేని చట్టం నా కర్రకెందుకు?

అవన్నీ నిజాలే. ఇవాళ్టికీ నిజాలే.
ఆమె కాదనలేదు.
చోడి కంకి అరచేతిలో నలిపి, పొట్టు ఊదింది.

"సేపలు మళ్ళా గుడ్లెడతాయి.
పూసలు ఎడతాయేటి?
గోనెల సంగతి నాకు తెల్దు బాబూ.
జానెడు మట్టికి రోజల్లా జల్లెడ పట్టించీవోరు.
పూస అగుపడితే సెయ్యెత్తమనీవోరు,
కదలొద్దనీవోరు.
ఏ తాడు పక్కన, ఎన్ని బెత్తెల లోతున,
పైన బూడిదా, కింద పెంకా,
అంతా రాసుకున్నాకే ఎత్తనిచ్చీవోరు.
సంతలో తప్పిపోయిన గుంటని ఎత్తుకొచ్చీసి
మీదే ఊరే అనడిగితే
అదేటి సెప్తాది?"

బిళ్ళ జేబులోనే ఉంది.
కొత్త పైసాలా మెరిసే దాన్ని తీసి
ఆమె చేతిలో పెట్టాను.
ఎండకెత్తి చూసింది.
తిరిగి నా చేతిలోనే పెట్టేసింది.
"ఎక్కడిదక్కడే ఎట్టీ."

లేచాను.
దిబ్బంతా నా గోతులే.
పూడ్చినవి, సగం పూడ్చినవి,
వానే వచ్చి పూడ్చినవి.
ఈ రేగు పొద దగ్గరా?
ఆ పుట్ట అవతలా?
జానెడు లోతా, మూరెడా?
బూడిద ఉందా? చూడలేదు.
పెంకు ఉందా? విసిరేశాను.
దాలమ్మ కంకులు కోసుకుంటూ
నా వైపు చూడను కూడా చూడలేదు.

యంత్రం ఆన్ చేశాను,
అదైనా దారి చెబుతుందేమోనని.
నేలంతా తిప్పాను.
నా పిడికిలి దగ్గరికి రాగానే
కూసింది.