మూడో ప్లాటు

ఔటర్ రింగ్ రోడ్డు దిగి, కొల్లూరు కంచలో
ఇనుప చట్రం విసిరాను.
పడ్డచోట చదరపు మీటరు నేల.
నాలుగేళ్లుగా ఇదే నెల, ఇదే మోకాళ్ల లెక్క:
గరిక పదకొండు, చెంగలి నాలుగు,
పిల్లిపెసర
పోయినేడు రెండు. ఈ ఏడు గీత.

శాటిలైట్ బొమ్మలో ఇదంతా నిండు పచ్చ.
ఫోను చూపిస్తే కురుమ కొమురవ్వ
కండ్లు చిట్లించి నవ్వింది:
"వయ్యారిభామ గూడ పచ్చగనే ఉంటది బిడ్డా,
గొర్రె మూతి పెడ్తదా?"

వంగి ఓ పెంటిక తీసి
వేళ్ల మధ్య చిదిమింది.
పొడి.
"ఎండుపుల్లలే తిన్నయి.
రెండు పెద్దవానలు పడేదాంక ఈ దిక్కు తోల."
మంద తిరిగింది. ఎర్రదుమ్మంతా నా పుస్తకం మీద.

నా ఫారంలో పెంటికకు గడి లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

"ఇంక మూడో ప్లాటు ఉందవ్వా" అన్నాను,
చట్రం ఎత్తుకుంటూ.
ఆమె ఆగింది.
రోడ్డవతల సున్నం పూసిన హద్దురాళ్ల దిక్కు చూసి
గొంగడి భుజం మార్చుకుంది.
"ఆ మాట
జర మెల్లగ అను."