ఇగం

మా నడక సంఘానికి జెండా లేదు, ఆఫీసు లేదు.
హన్మకొండ చౌరస్తా చాయ్ హోటల్ల ఒక బల్ల ఉన్నది,
సారంగపాణి సార్ చేతిసంచిల ఒక నోట్‌బుక్కు ఉన్నది.
అందుల పదకొండు పేర్లు.
పన్నెండోది ఈ పుష్యమాసంల చేరింది:
మొగిలి, మిలిట్రీ నుంచి వాపసు వచ్చినోడు.

మంచుకొండలకు పోదామన్నది మొదలు విజేందర్.
ఫోన్ల మనాలి చూపిచ్చిండు, తెల్లగ, పెండ్లిపందిరి తీర్గ.
సార్ లెక్క గట్టిండు: రైలు, రూములు, కోట్ల కిరాయి.
గల్లల ఉన్నది పద్దెనిమిది వందల నలభై.
"రేగొండ దాక బస్సుకు సరిపోతది,
మా ఆడోళ్ళకైతే టికెట్టే లేదు" అన్నది ఖైరున్నీసా.
గట్ల పోయినం పాండవుల గుట్టకు,
శనివారం పొద్దూకంగ,
సర్వపిండి మూట, చాయ్ గిన్నె,
నా భుజం మీద కొత్తవాడల నేను నేసిన జంఖానా.
చిన్న మంటకు ఒప్పుకున్నడు బీటు ఆఫీసరు.
పెద్దది పెడితే ఆయన నౌకరి పోతదట.

పగలంత ఎండ దాచుకున్న బండ
ఒక్క జాములనే మొత్తం వదిలేసింది.
జంఖానా పరిచిన. దారాల సందుల నుంచి
ఇగం సూదులై పైకి లేచింది.
ముప్పై ఏండ్లు నేసిన. కింది నుంచి చలి ఎట్ల వస్తదో
దాని మీద పండుకుంటెనే ఎరుకైంది.
కొన్నోళ్ళు ఒక్కరన్న చెప్పలే.

మొగిలి బూట్లు విప్పిండు.
ఎడమ కాలుకు రెండు వేళ్ళే ఉన్నయ్.
నిప్పు దిక్కు చాపి, మళ్ళ గుంజుకున్నడు.
ఎవ్వరం అడగలే.
విజేందర్ ఫోన్ జేబుల పెట్టుకున్నడు.
ఖైరున్నీసా చాయ్ మొదలు ఆయనకే ఇచ్చింది,
గ్లాసు కాలుతదని దుపట్టాతోని పట్టుకొని.

"ఆడ మంచుకు వాసనుండది" అన్నడు, ఎంతసేపటికో.
"గడ్డి వాసన లేదు, పేడ వాసన లేదు.
నా ముక్కే పోయిందనుకున్న.
సెలవుకొచ్చి వరంగల్ స్టేషన్ల దిగితే
ఎవరో మిర్చి బస్తాలు దించుతున్నరు.
తుమ్మిన. తుమ్ముకుంట ఏడ్చిన."
గంతే చెప్పిండు. అటు మళ్ళి పండుకున్నడు.

తెల్లారి చూస్తే కింద ఊరు లేదు.
చెరువు లేదు, పత్తిచేన్లు లేవు, మేం వచ్చిన రోడ్డు లేదు.
గుట్టలొక్కటే తలకాయలు బయట పెట్టినయ్,
బావిల దిగి ఎక్కబుద్ధిగాని ముసలోళ్ళ లెక్క.
తెల్ల పడుగు ఎక్కిచ్చి
పేక వెయ్యడం మరిచి పోయిండు ఎవడో.
తెల్ల జంఖానా ఎవ్వరు అడగరు, మాసిపోతదంటరు.
ఇది మాసేటందుకు టైమే లేదు,
ఎండ రాంగనే విప్పేస్తరు.

"మంచు! మంచు!" ఒర్రిండు విజేందర్.
మొగిలి నవ్వంగ అప్పుడే చూసిన.
"మనకు ఒక్కటే మాట ఉన్నదిరా, పాపం.
ఆకు మీది బొట్టుకు అదే, ఈ పొగకు అదే,
నా వేళ్ళు తిన్నదానికీ అదే."
వంగి, గడ్డిపోచ మీది చుక్కను
వేలితోని తీసి నాలిక మీద పెట్టుకున్నడు.
"కోతులు తిరిగే జాగ, నాకకు" అన్నది ఖైరున్నీసా.
అందరం పడి పడి నవ్వినం, ఆయన గూడ.

బండ మీద పాతకాలపోళ్ళు ఎర్రరంగుతోని
జింకను గీసిన్రు, పులిని గీసిన్రు.
ఇసొంటి పొద్దులు వాళ్ళు ఎన్ని చూసిన్రో.
ఎర్రరంగుతోని దీన్నెట్ల గీస్తరు?

దిగేటప్పుడు జంఖానా తడిసి బరువైంది.
ఒక కొస మొగిలి పట్టిండు, ఒక కొస నేను.
ఆయన అడుగు చిన్నది, నాదీ చిన్నగ చేసుకున్న.
బస్సుల సార్ పద్దు రాసిండు:
ఖర్చు పద్నాలుగు వందల అరవై, మిగులు మూడు వందల ఎనభై.

సోమవారం మగ్గం కాడ తెల్ల నూలు అడిగిన.
రెండు పేటల పేక, మందంగ, కింది ఇగం పైకి రాకుంట.
ఎవరి ఆర్డరు అన్నడు సేటు.
గుట్టది అన్న.
చశ్మా పైకి జరిపి నన్నొకసారి చూసి
నా బాకీల రాసుకున్నడు.