దారం ఒప్పుకోవాలి

డిసెంబరు వస్తే చాలు
పొందూరు గాలికి తడి ఉండదు.
గట్టిగా నవ్వితే పెదవి చిట్లుతుంది.
మా మందుల షాపు అద్దాల బీరువాలో
వేసవంతా వెనకవరసలో పడుకున్న తెల్ల డబ్బాలు
ఒక్కొక్కటే లేచి ముందుకొస్తాయి.

అప్పుడే దాలమ్మ కూడా వస్తుంది.
చీటీకి బదులు
కౌంటరు మీద రెండు చేతులూ వెల్లకిలా పెడుతుంది.

బొటనవేలు, చూపుడువేలు.
ఆ రెండింటి కొసల మీదే ఆమె బతుకు.
సరిగ్గా అక్కడే
వేసవి నాగావళి ఒడ్డులా
పెచ్చులు లేచి, గీతలు తెరుచుకుని.

"నొప్పికేటి బాబూ, ఓర్సుకుంతాను.
పోగు అట్టుకుంతంది.
ఏలు గరుకైతే నూలు తెగిపోతాది."

వాలుగ చేప దవడతో దువ్విన పత్తి ఆమెది.
ఆ పోగు ముందు వెంట్రుక మోకు.
ఆ పోగుకి
పగిలిన వేలి అంచు కత్తిపీట.

మొదటి ఏడు వాజిలిన్ ఇచ్చాను.
నాలుగో రోజు చిలప పట్టుకొచ్చింది,
మధ్యలో నూనె మరకతో.
"ఏలు మెత్తబడ్డాది. నూలు తిరిగొచ్చీసింది."

గులాబీ వాసన లోషన్ ఇచ్చాను.
తెల్లారేసరికి మణికట్టు దాకా దద్దుర్లు.
కంపెనీ వాడు శాంపిలుగా పడేసిన ట్యూబు ఇచ్చాను.
'సున్నిత చర్మానికి ప్రత్యేకం' అని
చదివి వినిపించాను కూడా.
"సున్నితమంటే ఏటి బాబూ?" అంది,
ఊపిరి గట్టిగా వదిలితే తెగే పోగుని
రోజంతా వడికే మనిషి.
చిల్లర లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

నాదీ ఒక గొడవుంది, ఎవరికీ చెప్పుకోనిది.
గడ్డం గీసిన ప్రతి ఉదయం
చెంపలు కాల్చిన వంకాయ తొక్కవుతాయి.
ఈ బీరువాలో నా మొహం మీద ఓడిపోని డబ్బా లేదు.
అయినా కౌంటరు ఇవతల నిలబడి
డాక్టరు గొంతుతో అందరికీ చెబుతుంటాను,
ఇది రాయండి, వారంలో తగ్గిపోద్ది అని.

ఆ ఏడు మాత్రం చెప్పలేదు.
మధ్యాహ్నం బేరాల్లేని వేళ
ట్యూబుల వెనక చీమకాళ్ల అక్షరాలు
నేను చదవడం, ఆమె వినడం.
వాసన అన్న మాట వస్తే చెయ్యి అడ్డంగా ఊపేది.
రంగు అంటే మొహం తిప్పేసేది.
చివరికి అన్నిటికంటే కింద అరలో
దుమ్ము పట్టి ఒకటి దొరికింది.
వాసన లేదు, రంగు లేదు,
అట్ట మీద బొమ్మ లేదు.
"ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగు" అన్నాను.
"రెండ్రోజులు ఆగుతాను" అంది.
నాకంటే ఆమెకే తెలుసు, తొందరపడితే ఏం తెగుతుందో.

మూడో రాత్రి వేళ్లకి రాసి, పాతగుడ్డ చుట్టుకుని పడుకుందట.
పొద్దున షట్టరు ఎత్తేసరికి మెట్టు మీద కూచునుంది.
కొంగుముడి విప్పి ఏకు తీసింది.
రాట్నం లేకుండా, ఉత్తవేళ్లతో
జానెడు పోగు లాగింది.
అది ఆ రెండు కొసల మధ్యనుంచి
ఎక్కడా ఆగకుండా వచ్చింది.

"దారం ఒప్పుకున్నాది."

వేలు ఎలా ఉందని
నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఈ చలికి ట్యూబు ధర పెరిగింది.
చిలప కూలి పెరగలేదు.
"సగం ఇత్తావేటి?" అని అడిగింది.
ట్యూబు సగం అమ్మరు.
అమ్మరని అనబోయి
కర్పూరం డబ్బా కడిగి తెచ్చి,
కత్తెరతో ట్యూబు పొట్ట కోసి,
సగం ఆమెకి తీశాను.
మిగతా సగం ఎవరికని అడిగింది.

చెంప చూపించాను.
చూపుడువేలితో ఒకసారి, పోగుని తాకినట్టు, తాకి చూసి
"ఎడమేపు ఇంకా గరుగ్గుంది" అంది.