మూడో యంత్రం మీద చోటు

కుతైసీలో కరెంటు పోయింది.
నలభై సెకన్లే.
జనరేటరు దగ్గి గొంతు సవరించుకునేలోగా
బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లు పడి లేచాయి.
లేచినవి లేచినట్టే ఉన్నాయి,
పచ్చ దీపాలు పచ్చగానే.
రక్తం ఎవరిచ్చారో మాత్రం తెలీదంటున్నాయి.

ఆరు రోజుల పేర్లు.
కంటైనర్ తన కడుపులోనే దాచుకుంది,
చచ్చి పుట్టింది, కడుపు ఖాళీ.
దాని తప్పేం లేదు,
చావడం దానికి నేర్పిన పనే.
దాచుకునే చోటు వేరే చూపించనివాడు మల్ఖాజ్.
తర్వాత చూద్దాంలే అని ఏప్రిల్లో
ఎంప్టీడిర్ అని ఒక్క లైను రాసి ఊరుకున్నాడు.
పేరులోనే చెప్పింది పాపం, అది.

నేలమాళిగకి దిగాడు.
పైపులు చెమట పట్టే గది. మూడు యంత్రాలు,
ఒకటి ప్రసూతి వార్డు పారేసిన బల్ల మీద.
రక్తమిచ్చినవాళ్ల పేర్లు ఈ గోడలు దాటకూడదని
డైరెక్టరమ్మ పట్టుదల.
మబ్బుల్లో అద్దెకి ఉండనివ్వదు.
చోటేదో ఇక్కడే వెతకాలి.

మూడో యంత్రంలో రెండో డిస్కు ఊరికే పడుంది.
దాన్ని చదును చేసి ఒక ఫోల్డరు తవ్వాడు,
సిస్ఖ్లి అని పేరు పెట్టాడు. వాళ్ల మాటలో రక్తం.
ఆపైన దరఖాస్తు:
యాభై గిగాబైట్లు కావలెను,
రాసేది ఒక్కరే,
ఇల్లు ఖాళీ చేసినా సామాను పారెయ్యరాదు.
ఆఖరి షరతు ఈసారి రెండుసార్లు చదివాడు.

పెండింగ్.
పెండింగ్.
టీ చల్లారిపోయాక కనిపించింది,
క్లాసు పేరులో ఒకచోట అడ్డగీత ఉంది, ఒకచోట లేదు.

బౌండ్ అంది.
ఇల్లలకగానే పండగా?
పర్మిషన్ డినైడ్, తలుపు తియ్యనంటోంది.
ఫోల్డరు రూట్ గారిది,
లోపలికి రావలసినవాడు తొమ్మిదొందల తొంభై తొమ్మిదో నంబరువాడు.
పట్టా వాడి పేర మార్చాడు.

అప్పుడు దిగింది త్సిరా, మెట్టుకో మూలుగు,
చంకలో నీలం అట్ట రిజిస్టరు.
తకారం మింగితే మన సిరాయే ఆవిడ పేరు.
ముప్ఫై ఏళ్లుగా, వద్దన్నా వినకుండా,
ప్రతి సంచీనీ చేత్తో రాసుకుంటుంది.
అందరూ నవ్వేవాళ్లు. మల్ఖాజ్ కాస్త ఎక్కువే నవ్వాడు.
ఇవాళ కుర్చీ తుడిచి వేశాడు.

"అంజోర్, రొట్టెల బట్టీ, ఓ నెగటివ్.
మాక్వాలా, బస్సు డిపో, బి పాజిటివ్.
ఈ పిల్ల భయపడింది, రెండోసారి పొడవనివ్వలేదు.
అది కూడా ఎక్కించు."
"దానికి గడి లేదు, త్సిరా."
"గడి పెట్టు."

పన్నెండు పేర్లయ్యాక ఆగి
ఇటు చూడమని
నడుస్తున్న పాడ్‌ని తన చేత్తోనే చంపాడు.
ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది.
ఎనిమిది సెకన్లు.
కొత్తది పుట్టింది, ఊరూ పేరూ లేని పసిది.
ఎక్కడైనా పుట్టొచ్చనుకుంటుంది గానీ
చోటున్న మూడో యంత్రం మీదే పుట్టాలి.
కళ్లు తెరుస్తూనే అంది: అంజోర్.

"ఎక్కడుందది?"
చూపించాడు. అరచెయ్యంత డిస్కు.
జ్వరం చూసినట్టు చేతి వెనకవైపుతో తాకింది.
వెచ్చగా ఉంది.
"ఇది పోతే?"

జవాబుంది మల్ఖాజ్ దగ్గర,
రాత్రి రెండింటికి నకలు, అవతలి భవనంలో ఇంకో డిస్కు.
ఇంకా రాయలేదు.
రాయలేదనే చెప్పాడు.

"అయితే ఈ పుస్తకం నా దగ్గరే ఉంటుంది," అంది,
వేలు తడి చేసుకుని పేజీ తిప్పి
పదమూడో పేరు చదివింది.